నంబరు చదివితే ప్రతి బజారూ స్పేర్ పార్టుల షాపే

చక్రం బేరింగు బోరు మోటార్ల వీధిలో దొరుకుతుంది. బ్రేకులో గాలి తీసే గొట్టం చేపల షాపులో ఉంటుంది. తెగిన యాక్సిలరేటర్ వైరును ఇంటిదాకా లాక్కొచ్చే ముక్క ఎలక్ట్రికల్ దుకాణంలో పది రూపాయలకే వస్తుంది. బైకులతో సంబంధం లేని చోట్ల బైకు సామాను ఎలా వెతకాలి? ఎంత చౌకగా వచ్చినా ఏది కొనకూడదు?

బైకు మొరాయిస్తే మనకు తెలిసిన దారులు రెండు. కంపెనీ సర్వీసు సెంటరుకు పోతే "పార్టు రావాలి సార్, వారం పడుతుంది" అంటారు. వీధి చివరి మెకానిక్ దగ్గరికి పోతే "మొత్తం సెట్టు మార్చాలన్నా" అంటాడు. రెండుచోట్లా మనం చేసేది ఒకటే, జేబులో చెయ్యి పెట్టడం. ఇంకో దారి కూడా ఉంది. పాడైన ముక్కను విప్పించి, చేతిలోకి తీసుకుని, దాని మీద ఏం రాసి ఉందో చదవడం.

బైకు కంపెనీ బండిని తయారు చేస్తుంది గానీ, అందులోని ప్రతి ముక్కనూ తానే చేయదు. బేరింగులు బేరింగుల కంపెనీ నుంచి వస్తాయి. ఆయిల్ సీళ్లు, బల్బులు, ఫ్యూజులు, చైన్లు, బోల్టులు ఎవరివి వాళ్ల దగ్గర్నుంచి వస్తాయి. ఆ తయారీదారులు అదే కొలత సరుకును కార్లకూ, ట్రాక్టర్లకూ, పంపుసెట్లకూ, పిండిమరలకూ అమ్ముతారు. బైకు కంపెనీ డబ్బాలోకి ఎక్కాక దానికి వేరే పార్ట్ నంబరూ, వేరే ధరా వస్తాయి. డబ్బా మీది నంబరు ఆ కంపెనీకే పరిమితం. ముక్క మీద చెక్కిన నంబరు మాత్రం ఏ ఊళ్లో చూపించినా చెల్లుతుంది. చౌకగా కొనడమంటే ఆ రెండో నంబరు పట్టుకుని వెతకడమే.

ఫ్యానులో తిరిగేదే చక్రంలోనూ

సికింద్రాబాద్ రాణీగంజ్‌కు వచ్చేవాళ్లలో చాలామందికి బోరు మోటారో, పంపో, నట్లూ బోల్టులో కావాలి. అక్కడ ఏదైనా బేరింగుల షాపుకెళ్లి బండి పేరు చెప్పండి, కౌంటరు వెనక మనిషి పట్టించుకోడు. "పాతది తెచ్చినవా అన్నా?" అని మాత్రం అడుగుతాడు. తెచ్చినదాన్ని గుడ్డతో గట్టిగా తుడుస్తాడు. రింగు అంచున తుప్పుకీ నల్లటి గ్రీజుకీ మధ్య సన్నటి అంకెలు బయటపడతాయి, 6301 అని. అంకెలు అరిగిపోయి ఉంటే వెర్నియర్ తీసి మూడు కొలతలు చూస్తాడు. లోపలి రంధ్రం 12 మిల్లీమీటర్లు, బయటి అంచు 37, మందం 12. అప్పుడూ 6301 అనే చెబుతాడు. బండి ఏ కంపెనీదో అతనికి అక్కర్లేదు.

ఈ అంకెల లెక్క నేర్చుకోవడానికి రెండు నిమిషాలు చాలు. చివరి రెండు అంకెలు లోపలి రంధ్రం కొలత చెబుతాయి. 00 అంటే 10 మిల్లీమీటర్లు, 01 అంటే 12, 02 అంటే 15, 03 అంటే 17. 04 నుంచి ఐదుతో గుణించుకుంటే సరి. 6204 రంధ్రం 20, 6205 రంధ్రం 25. వాటి ముందున్న అంకె బేరింగు ఎంత దిట్టమో చెబుతుంది. 6201, 6301 రెండింటి రంధ్రమూ 12 మిల్లీమీటర్లే. 6201 బయటి కొలత మాత్రం 32, 6301ది 37. ఇవి ప్రపంచమంతా ఒప్పుకున్న కొలతలు. మన సీలింగ్ ఫ్యాన్లలో తిరిగే 6201, 6202 బేరింగులు ఈ కుటుంబంలోవే.

అంకెల పక్కన ఉండే అక్షరాలను మాత్రం వదిలేయకూడదు. ఆర్ఎస్ అంటే రబ్బరు సీలు, రెండు వైపులా ఉంటే 2ఆర్ఎస్. జెడ్‌జెడ్ అంటే రెండు వైపులా రేకు మూత. వానలో, బురదలో, వాటర్ సర్వీసింగ్ ప్రెషరులో తిరిగే చక్రానికి 2ఆర్ఎస్ అడగాలి. సి3 అని ఉంటే లోపల గుండ్లకు కాస్త ఎక్కువ సందు వదిలారని అర్థం. వేడెక్కి వ్యాకోచించే చోట్ల అది కావాలి. ఇంజను లోపలి బేరింగుల్లో కొన్నింటిని కంపెనీలు ప్రత్యేకంగా చేయించుకుంటాయి. వాటి జోలికి పోకుండా డబ్బాలోదే కొనడం మేలు.

పక్క షాపులో ఆయిల్ సీళ్లుంటాయి. వాటి కొలత వాటి మీదే ఉంటుంది. 20-32-7 అని ఉంటే లోపల 20, బయట 32, మందం 7. పంపు షాఫ్టుకు వేసే సీలు కొలత కుదిరితే గేర్ షాఫ్టుకూ పనికొస్తుంది, నూనెకూ వేడికీ తట్టుకునే రబ్బరేనా అని అడిగి తీసుకోవాలి. ముందు ఫోర్కు సీలు వేరే రకం. అది తిరిగే కడ్డీని కాక పైకీ కిందకీ జారే కడ్డీని పట్టి ఉంచాలి కాబట్టి దాని పెదవులు వేరేగా ఉంటాయి. అక్కడ కొలత కుదిరినా పంపు సీలు నిలవదు.

కంపెనీయే రాసిపెట్టిన గుట్టు

డబ్బా మీది నంబరును కూడా తీసిపారేయక్కర్లేదు. చదవడం వస్తే అందులోనూ సమాచారం ఉంటుంది. హోండా పార్ట్ నంబరు మూడు ముక్కలుగా ఉంటుంది. మొదటి ఐదు అంకెలు ఆ పార్టు ఏమిటో చెబుతాయి. మధ్యలో మూడక్షరాలు దాన్ని మొట్టమొదట ఏ మోడలు కోసం తయారు చేశారో చెబుతాయి. మీ కొత్త బండి పార్టు మధ్యలో పాత మోడలు అక్షరాలు కనిపించాయంటే, ఆ ముక్క పాత బండిలోదే. పాత మోడలు సామాను అమ్మే చిన్న షాపులో అది అప్పటికే ఉండొచ్చు.

బోల్టుల దగ్గర ఇది మరీ తేట. 95701-06020 అనే నంబరు తీసుకోండి. మొదటి భాగం ఫ్లాంజ్ బోల్టు అని చెబుతుంది. 06 అంటే 6 మిల్లీమీటర్ల మందం, 020 అంటే 20 మిల్లీమీటర్ల పొడవు. 96తో మొదలయ్యే బేరింగు నంబర్ల మధ్యలో 62030 అని ఉంటే అది 6203, 63010 అని ఉంటే 6301. ఏ కొలత కొనాలో కంపెనీయే రాసిచ్చినట్టు. పార్టుల బొమ్మలతో కంపెనీ వేసే కేటలాగు చూస్తే, ఏది అందరి దగ్గరా దొరికే సరుకో, ఏది ఆ బండికే సొంతమో ఒక సాయంత్రంలో తేలిపోతుంది.

స్ప్లెండర్ చుట్టాలు ఎందరో

హీరో హోండా సీడీ 100 వచ్చింది 1985లో. స్ప్లెండర్ 1994లో, ప్యాషన్ 2001లో వచ్చాయి. పేర్లు మారాయి, ట్యాంకులు మారాయి, స్టిక్కర్లు మారాయి. లోపల మాత్రం 50 మిల్లీమీటర్ల బోరు, 49.5 మిల్లీమీటర్ల స్ట్రోకు ఉన్న 97.2 సీసీ ఇంజనే కొనసాగింది. 2010 డిసెంబరులో హీరో, హోండా విడిపోతున్నట్టు ప్రకటించాక కూడా ఆ ఇంజను హీరో బళ్లలో నడుస్తూనే ఉంది. మండల కేంద్రంలో చిన్న స్పేర్ పార్టుల కొట్టులో కూడా ఈ కుటుంబం క్లచ్ ప్లేట్లు, గ్యాస్కెట్లు, లివర్లు పేర్చి ఉండటానికి ఇదే కారణం. అయితే 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్ 6 కాలుష్య ప్రమాణాలు వచ్చి, కార్బురేటర్ల స్థానంలో ఫ్యూయల్ ఇంజెక్షన్ చేరింది. ఇంధన వ్యవస్థ, వైరింగ్ విషయంలో పాత కొత్త చుట్టరికం అక్కడితో తెగింది.

ఖరీదైన బళ్లకూ ఇలాంటి చుట్టాలున్నారు. టీవీఎస్ అపాచీ ఆర్ఆర్ 310, బీఎండబ్ల్యూ జీ 310 ఆర్ రెండింటిదీ ఒకే ఇంజను కుటుంబం. రెండూ హోసూరులోని టీవీఎస్ ఫ్యాక్టరీలో తయారైనవే. ఇలాంటి జంట ఉన్నప్పుడు ఫిల్టరు, గ్యాస్కెట్ వంటివి కొనే ముందు రెండు కంపెనీల కౌంటర్లలోనూ ధర అడిగితే నష్టం లేదు. సరిపోతుందని నోటిమాటగా ఎవరు చెప్పినా నమ్మకండి. రెండు ముక్కలనూ పక్కపక్కన పెట్టి కొలవండి.

మందుల షాపు, చేపల షాపు, చెప్పుల షాపు

పనిముట్ల విషయానికొస్తే దుకాణాల జాబితా ఇంకా తమాషాగా ఉంటుంది.

మందుల షాపులో 50 మిల్లీలీటర్ల సిరంజి దొరుకుతుంది. ఫోర్కు ఆయిలు రెండు వైపులా సమానంగా పోయడానికి అంతకంటే చవకైన కొలపాత్ర లేదు. కొలత గీతలు దాని మీదే ఉంటాయి. బ్యాటరీ టెర్మినళ్లకు తెల్లటి ఉప్పు పట్టకుండా పూసే పెట్రోలియం జెల్లీ కూడా అక్కడిదే.

చేపల తొట్ల షాపులో గాలి పంపుకు పెట్టే సన్నటి పారదర్శక గొట్టం అడగండి. డిస్క్ బ్రేకు కాలిపర్ మీది నిపుల్‌కు అది బిగుతుగా కూర్చుంటుంది. లివరు నొక్కుతూ గాలి బుడగలు బయటికి పోవడాన్ని కళ్లారా చూడొచ్చు. ఆ పది నిమిషాల పనికి ఈ గొట్టం చాలు. దాన్నే పెట్రోలు పైపుగా వాడారంటే మాత్రం కొద్ది రోజుల్లోనే గట్టిపడి, పగిలి, ఇంజను మీద పెట్రోలు కారుతుంది.

ఎలక్ట్రికల్ షాపులో వైర్లు కలపడానికి వరుసగా అచ్చుపోసిన ప్లాస్టిక్ కనెక్టర్లు అమ్ముతారు. ఒక గడిని కోసి ప్లాస్టిక్ ఒలిచేస్తే లోపల చిన్న ఇత్తడి గొట్టం, దానికి రెండు స్క్రూలు కనిపిస్తాయి. యాక్సిలరేటర్ వైరు చివరి గుండు ఊడిపోయి రోడ్డు మీద ఆగిపోయినప్పుడు తెగిన తీగను ఈ గొట్టంలోకి దూర్చి స్క్రూలు బిగిస్తే అదే గుండు పని చేస్తుంది. మెల్లగా ఇంటికి చేరవచ్చు. మర్నాడు కొత్త వైరు వేయించాల్సిందే. బ్రేకు వైరుకు ఈ ఉపాయం ఒక్క కిలోమీటరుకు కూడా వద్దు.

చెప్పులు కుట్టేవాళ్ల దగ్గర సీటు కవరు చిరుగు కుట్టించుకోవచ్చు. వాళ్ల సూది, మైనపు దారం రెక్సిన్ కోసమే పుట్టినట్టుంటాయి. సోఫాలు చేసే షాపులో మిగిలిన గట్టి ఫోమ్ ముక్క కుంగిపోయిన సీటును మళ్లీ లేపుతుంది. పంక్చర్ షాపులో పారేసే పాత ట్యూబు కోస్తే సామాన్లు కట్టుకునే రబ్బరు బెల్టులు బోలెడు వస్తాయి. సైకిలువాళ్లకైతే కూల్‌డ్రింక్ డబ్బా కూడా సరుకే. దాని రేకు మందం మిల్లీమీటరులో పదో వంతు ఉంటుంది. హ్యాండిల్ కడ్డీ క్లాంపులో కొంచెం వదులైతే ఆ రేకు పట్టీ చుట్టి బిగిస్తే కదలదు.

కార్ల సామాను షాపును కూడా ఈ జాబితాలో వేసుకోవాలి. కారులో వాడే బ్లేడు ఫ్యూజులే చాలా బైకుల్లోనూ ఉంటాయి. వెనక లైటుకు వేసే 12 వోల్టుల 21/5 వాట్ల బల్బు, డాట్ 4 బ్రేకు ఆయిలు, రిలేలు కూడా అక్కడ దొరుకుతాయి. బైకు షాపులో ఒక్కో ఫ్యూజు విడిగా కొనే బదులు, ఇక్కడ రకరకాల ఆంపియర్లు కలిపిన పొట్లం తీసుకోవచ్చు. ఎన్ని ఆంపియర్లది పోయిందో అదే వేయాలన్న నియమం మాత్రం తప్పకూడదు.

సంతలో వజ్రాలు, సంతలో ఉచ్చులు

హైదరాబాద్‌లో ఎర్రగడ్డ ఆదివారం సంత, గురువారాల్లో జుమ్మేరాత్ బజార్, చెన్నైలో పుదుపేట. పాత సామాను ప్రేమికులకు ఇవి తీర్థాలు. ఇక్కడ ముందుగా చూడాల్సింది పార్టుల కంటే పనిముట్లను. ఇనుప కుప్పలో అంగుళాల కొలతల పాత స్పానర్లు కనిపిస్తాయి. ఇప్పటి బళ్లు దాదాపు అన్నీ మిల్లీమీటర్లవే కాబట్టి వాటిని అడిగేవాడుండడు. పాతకాలపు బుల్లెట్ ఉన్నవాడికి మాత్రం అవే కావాలి, ఎందుకంటే ఆ ఇంజనులో చాలా నట్లు బ్రిటిష్ కొలతలవి. మిల్లీమీటర్ల స్పానరు పెట్టి తిప్పితే నట్టు మూలలు గుండ్రంగా అరిగిపోతాయి. సంతలో కిలో లెక్కన పోయే ఇనుము అతనికి బంగారం.

అద్దాలు, సైడ్ స్టాండు, లగేజీ క్యారియరు, చైన్ కవరు వంటివి పాతవి కొన్నా ఫర్వాలేదు. ఇంజను కేసు, ఛాసిస్ ముక్క, నంబరు గీకేసి ఉన్న ఏ పార్టూ చేత్తో కూడా తాకొద్దు. ఉత్తరప్రదేశ్ మీరట్‌లోని సోతీగంజ్ ఒకప్పుడు పాత బళ్ల విడిభాగాలకు దేశమంతా పేరుమోసిన బజారు. దొంగ బళ్లను విప్పి అమ్ముతున్నారని అక్కడ ఏళ్ల తరబడి కేసులు నడిచాయి. చివరికి 2021 డిసెంబరులో పోలీసులు ఆ బజారును మూయించారు. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ ప్రకారం, దొంగసొత్తని తెలిసి గానీ, అలా నమ్మడానికి కారణం ఉండి గానీ కొంటే మూడేళ్ల దాకా జైలు పడొచ్చు. నమ్మలేనంత చౌక ధరే ఆ కారణం కావచ్చు. బిల్లు ఇవ్వనంటే వెనక్కి తిరగడమే తెలివి.

ఎక్కడా దొరకని పార్టుకు చివరి మజిలీ లేత్ షాపు. మైసూరు ఐడియల్ జావా ఫ్యాక్టరీ 1996లో మూతపడింది. జావా, యెజ్డీ పేర్లతో ఇప్పుడు కొత్త బళ్లు వస్తున్నా, వాటి సామాను అక్కడ తయారైన పాత బళ్లకు అమరదు. అదే 1996లో యమహా ఆర్ఎక్స్ 100 తయారీ కూడా ఆగింది. ఇలాంటి బళ్లను ఇంకా తిప్పుతున్నవాళ్లకు విజయవాడ ఆటోనగర్ లేత్ షాపులు పెద్ద దిక్కు. లారీల పిన్నులు, బుష్‌లు తిప్పే మెషీన్ మీదే స్వింగ్ ఆర్మ్ బుష్ కూడా ఇత్తడి కడ్డీ నుంచో నైలాన్ కడ్డీ నుంచో చేసిస్తారు. పాత బుష్‌తోపాటు అది కూర్చునే కడ్డీని కూడా తీసుకెళ్లాలి. అరిగిన బుష్ ఒక్కటే ఇస్తే ఆ అరుగుదల కొలతకే కొత్తది తయారవుతుంది.

కొలత కుదిరినా కొనొద్దు

చౌక వేటలో దెబ్బతినేది ఎక్కువగా "సరిపోయింది కదా" అనుకున్న చోటే.

హార్డ్‌వేర్ షాపులో 10 మిల్లీమీటర్ల బోల్టు అడిగితే సాధారణంగా 1.5 మిల్లీమీటర్ల మరవున్నది ఇస్తారు. బైకుల్లో చాలాచోట్ల అదే మందానికి 1.25 మర ఉంటుంది. రెండు చుట్లు చక్కగా ఎక్కుతుంది, మూడో చుట్టుకు బిగుసుకుంటుంది. అక్కడ స్పానరుతో బలం చూపిస్తే అల్యూమినియంలో మర మొత్తం పోతుంది. కొత్త బోల్టు వేళ్లతో చివరిదాకా ఎక్కాలి. లేకపోతే అది మనది కాదు.

తళతళలాడే స్టెయిన్‌లెస్ బోల్టుల మీద మోజు ఇంకో ప్రమాదం. మామూలు స్టెయిన్‌లెస్ బోల్టు తల మీద ఎ2-70 అని ఉంటుంది. నల్లటి బోల్టు తల మీద 8.8, 10.9 వంటి అంకెలుంటాయి. చదరపు మిల్లీమీటరుకు మొదటిది 700 న్యూటన్ల బలానికి చేసింది, 8.8 రకం 800కు, 10.9 రకం 1000కి. సాగిపోవడం మొదలయ్యే బలంలో తేడా ఇంకా ఎక్కువ. నంబరు ప్లేటుకు స్టెయిన్‌లెస్ బాగుంటుంది. బ్రేకు కాలిపర్‌కు పాత బోల్టు మీద ఏ అంకె ఉందో అదే వేయాలి.

హెడ్‌లైటు బల్బుల్లో హెచ్ఎస్ 1, హెచ్ 4 కవలపిల్లల్లా ఉంటాయి. మొదటిది 35 వాట్లు లాగుతుంది, రెండోది 55 నుంచి 60. చిన్న బైకులో కారు బల్బు వేస్తే కొన్నాళ్లు వెలుగు అదిరిపోతుంది, తర్వాత హోల్డరు కరుగుతుంది.

పెట్రోలు పైపు విషయంలో ఇప్పుడు మరింత జాగ్రత్త కావాలి. 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు 2023 ఫిబ్రవరి నుంచి బంకుల్లోకి వచ్చింది. మామూలు రబ్బరును ఇథనాల్ ఉబ్బిస్తుంది, మెత్తబరుస్తుంది. అందుకే పైపు అయినా, ఓ-రింగు అయినా ఇథనాల్ పెట్రోలుకు పనికొచ్చే రకమేనా అని అడిగి కొనాలి.

బ్రేకు షూలు, ప్యాడ్లు, బ్రేకు గొట్టాలు, చైను లాకు, హెల్మెట్. వీటిలో బేరం చూడకండి. పాత హెల్మెట్ ఒకసారి దెబ్బ తిన్నదో లేదో పైకి తెలియదు. తగ్గింపు ధరకు ఇచ్చే టైరు మీద నాలుగంకెల తేదీ వెతకండి. 2319 అని ఉంటే అది 2019లో 23వ వారంలో తయారైంది. మీరు కొనేనాటికే అది ముసలిది.

బయల్దేరే ముందు

* పాత ముక్క లేకుండా ఏ షాపుకూ వెళ్లకండి. విరిగినా, అరిగినా అదే మీ గుర్తింపు కార్డు.
* తుడిచి, నంబరును ఫొటో తీసుకోండి. ఏ వైపు బయటికి ఉందో కూడా ఫొటో తీయండి.
* చిన్న వెర్నియర్ ఒకటి కొనిపెట్టుకోండి. ప్లాస్టిక్‌దైనా ఫర్వాలేదు.
* బండి పేరు చివర చెప్పండి. కొలతతో మొదలుపెడితే ధర కూడా కొలతకే చెబుతారు.
* పేరున్న తయారీదారు సరుకే తీసుకుని, బిల్లు అడగండి. బేరింగుల్లో నకిలీలు ఎక్కువ.

మెకానిక్ లెక్క కూడా మన లెక్కే

ఇన్ని బజార్లు తిరిగి పార్టు తెచ్చాక చివరి అడ్డంకి మన మెకానిక్కే. "బయటి సామాను వేస్తే నాకు గ్యారంటీ లేదు సార్" అంటాడు. ఆ మాట వెనక భయం కొంత, లెక్క కొంత ఉంటుంది. చాలాచోట్ల మెకానిక్ బతుకు కూలి మీద కాక పార్టు మీద మిగిలే కమీషను మీద నడుస్తుంది. చక్రం విప్పి, బేరింగు దించి, కొత్తది కొట్టి, మళ్లీ బిగించే పనికి మనం ఇస్తామన్న కూలి చాలా తక్కువ. అందుకే పార్టు తనే తెస్తానంటాడు.

పార్టు మనం తెస్తున్నామంటే ఆ కమీషను పోతుందని ఒప్పుకుని, పని మొదలుకాకముందే కూలి మాట్లాడుకోవాలి. మామూలుగా ఇచ్చేదానికంటే ఎక్కువే ఇవ్వాలి. అలా ఇచ్చాక కూడా డబ్బాలో సెట్టు కొన్న ఖర్చుకంటే తక్కువే అవుతుంది. పనికి తగ్గ డబ్బు వస్తుందని తెలిసిన మెకానిక్ తర్వాతిసారి సెట్టు మార్చాలనడు. బేరింగు విప్పి, నంబరు చదివి, ఏ షాపుకు వెళ్లాలో తనే చెప్పి పంపుతాడు. ఎందుకంటే ఏ ముక్క ఏ బజారులో దొరుకుతుందో మనకంటే ముందు తెలిసినవాడు అతనే.